రెండు శాతానికి రజతోత్సవం: ఒక ప్రతిపాదన

జాతీయ సాంకేతిక విధానాల వల్ల దేశ ఆర్థికాభివృద్ధికి ఒరిగిందేమిటని నిలదీసేవారు ఎక్కువైపోతున్న ఈ రోజుల్లో, ఆ విధానాల కర్మాగారం నుంచి వెలువడిన సరుకులన్నింటిలోకీ నాణ్యమైనదీ, ముడిపదార్థం మొదలు తుది మెరుగు దాకా పూర్తిగా స్వదేశీయమైనదీ, ఇరవయ్యేళ్ళకు పైగా వాడుకలో ఉన్నా ఆవగింజంత అరుగుదల ఎరుగనిదీ అయిన ఒక వస్తువును ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. ఆ వస్తువు పేరు రెండు శాతం. స్థూల దేశీయోత్పత్తిలో రెండు శాతాన్ని పరిశోధన, అభివృద్ధుల మీద వెచ్చిస్తామన్న లక్ష్యం 2003 జనవరి నాటి విధానపత్రంలో ఉంది. 2028 జనవరికి దానికి పాతికేళ్ళు నిండుతాయి. రజతోత్సవ సంఘాన్ని ఇప్పుడే వేయకపోతే, మన అలవాటు ప్రకారం ఉత్సవాన్ని కూడా వాయిదా వేసుకోవలసి వస్తుందన్న భయంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

లక్ష్యం జీవిత చరిత్రను సంగ్రహంగా మనవి చేస్తాను. శాస్త్రవేత్తల వార్షిక మహాసభ అయిన సైన్స్ కాంగ్రెస్ బెంగళూరులో జరిగినప్పుడు అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రకటించిన 2003 శాస్త్ర సాంకేతిక విధానం, పదో పంచవర్ష ప్రణాళిక ముగిసేలోగా, అంటే 2007 నాటికి, రెండు శాతాన్ని అందుకోవాలని నిర్దేశించింది. ఆ గడువు ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా దాటిపోయింది. 2012లో భువనేశ్వర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన్మోహన్ సింగ్ అదే అంకెను పన్నెండో ప్రణాళిక చివరికి జరిపారు. మరుసటి ఏడాది కోల్‌కతాలో వెలువడిన కొత్త విధానం, ప్రైవేటు రంగం తన వంతు పెంచితే ఐదేళ్ళలో సాధ్యమేనని చెప్పింది. 2019లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి 2022 అన్నది. ఈలోగా ప్రభుత్వాలు మారాయి, ప్రణాళికా సంఘమే రద్దయింది, పంచవర్ష ప్రణాళికలు చరిత్ర పాఠంలో చేరిపోయాయి, విధానం పేరు చివర ‘నవకల్పన’ అన్న తోక కూడా మొలిచింది. రెండు శాతం మాత్రం చెక్కుచెదరలేదు. చిల్లర విషయాల మీద కూడా సభలు స్తంభించిపోయే దేశంలో, అన్ని పార్టీలూ ఇంత కాలం ఇంత సామరస్యంగా సాధించకుండా వదిలిపెట్టిన విషయం మరొకటి చూపించమనండి.

గిట్టనివారు 2020-21 లెక్క తీసి, మన ఖర్చు 0.64 శాతమే కదా అంటారు. ఈ శతాబ్దంలో మనం ఒక శాతాన్ని కూడా తాకలేదు కదా అని కూడా అంటారు. వీరికి లెక్కలు వస్తాయి గానీ లోతు తెలియదు. 2010-11లో సుమారు 60,196 కోట్ల రూపాయలున్న పరిశోధన వ్యయం 2020-21 నాటికి 1,27,380 కోట్లకు పెరిగింది, అంటే రెట్టింపు దాటింది. రెట్టింపైనా శాతం తగ్గిందంటే, అది దేశ ఆదాయం కావాలని అంతకన్నా వేగంగా పెరిగి విధానకర్తల పరువు తీయడమే తప్ప వేరు కాదు. భిన్నంలో కింది అంకె చేసిన తప్పుకు పై అంకెను దండించడం న్యాయమా? పోనీ, సాధించినవారు సుఖపడుతున్నారా అంటే అదీ లేదు. దక్షిణ కొరియా ఐదు శాతం దరిదాపుల్లోకి వెళ్ళి కూర్చుంది. దానికి ఇక ప్రకటించుకోవడానికి లక్ష్యమే మిగలలేదు. మనకు ఆ దురవస్థ ఇప్పట్లో రాదు.

ఇక్కడ తెలుగువారు గర్వించదగిన సంగతి ఒకటి ఉంది. ఈ విధానాల చరిత్రలో తిరుపతికి ప్రత్యేక స్థానముంది. 1983 జనవరి మొదటి వారంలో అక్కడ జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లోనే ఇందిరా గాంధీ దేశపు తొలి సాంకేతిక విధాన ప్రకటన చేశారు. స్వావలంబన సాధించాలనీ, దిగుమతి చేసుకున్న సాంకేతికతను జీర్ణించుకుని మన అవసరాలకు తగ్గట్టు మలుచుకోవాలనీ అందులో ఉంది. (అదే వారంలో ఆంధ్రప్రదేశ్ ఓటర్లు పోలింగ్ కేంద్రాల్లో మరో రకం స్వదేశీ ప్రయోగం చేసి, ఆమె పార్టీని గద్దె దించారు, దాని ఫలితం నాలుగు రోజుల్లోనే తేలిపోయింది.) మళ్ళీ 2017 జనవరిలో అదే తిరుపతి సైన్స్ కాంగ్రెస్‌లో నరేంద్ర మోదీ, 2030 నాటికి శాస్త్ర సాంకేతిక రంగాల్లో భారత్ మొదటి మూడు దేశాల్లో ఒకటిగా ఉంటుందన్నారు. 2013 విధానమైతే 2020 నాటికి మొదటి ఐదు శాస్త్రీయ శక్తుల్లో నిలవాలని మాత్రమే కోరుకుంది. ఐదో మెట్టు ఎక్కామో లేదో తేల్చుకోకముందే మూడో మెట్టుకు గురిపెట్టడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు. 2020 చివర్లో వచ్చిన ఐదో విధానం ముసాయిదా కూడా రానున్న దశాబ్దంలో మొదటి మూడు అగ్రశక్తులంటూ అదే మెట్టు మీద కాలు మోపింది. అయితే ఆ ముసాయిదా ఇన్నేళ్ళయినా ముసాయిదా హోదాను వదులుకోవడానికి ఇష్టపడటం లేదు. తిరుపతిలో మామూలు భక్తుడు మొక్కు చెల్లించడం ఆలస్యం చేస్తే వడ్డీకాసులవాడు వడ్డీతో సహా వసూలు చేస్తాడని మన పెద్దల నమ్మకం. విధానాల మొక్కులకు ఈ నియమం వర్తించదని, వాయిదాల మీద వడ్డీ పడదని దేవస్థానం ఏమైనా సర్క్యులర్ జారీ చేసిందేమో నాకు తెలియదు. మొక్కులు చెప్పుకునే సభకే గడ్డురోజులు వచ్చిన మాట మాత్రం తెలుసు: నిధుల గొడవ వల్ల 2024 జనవరిలో సైన్స్ కాంగ్రెస్ జరగనేలేదు.

డబ్బు లేక రెండు శాతం అందలేదని కొందరు అమాయకులు అనుకుంటారు. వారి కోసం సెస్, అంటే ఒక ప్రత్యేక ప్రయోజనం కోసం వసూలు చేసే పన్ను, కథ చెప్పాలి. విదేశాల నుంచి సాంకేతికత కొనుక్కునే కంపెనీలు ఆ చెల్లింపు మీద ఐదు శాతం దాకా సెస్ కట్టాలని 1986లో చట్టం చేశారు. దిగుమతి మీద వచ్చిన సొమ్ముతో స్వదేశీ సాంకేతికతను పెంచాలన్నది ఉద్దేశం. ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. ఆ సొమ్మును కంపెనీలకు అప్పుగానో, పెట్టుబడిగానో అందించడానికి 1996లో టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు కూడా ఏర్పాటైంది. ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ లెక్క ప్రకారం 1996-97 నుంచి 2016-17 దాకా ఈ సెస్ కింద 7,800 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే, అసలు పనికి చేరింది 609 కోట్లు, అంటే ఎనిమిది శాతం లోపు. మిగిలిన తొంభై రెండు శాతం ఖజానాలో కలిసిపోయింది. 2017లో జీఎస్టీ వస్తున్న సందట్లో సెస్‌ను కూడా ఎత్తేశారు.

బోర్డు చేతికి అందిన ఆ కాస్త సొమ్ము అయినా ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. అదే విచారించవలసిన విషయం. బోర్డు తొలి రోజుల్లో చేయూతనిచ్చిన సంస్థల్లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ ఒకటి. 1997లో అది హెపటైటిస్ బి టీకాను మార్కెట్లోకి తెచ్చేసరికి, అప్పటిదాకా వందల రూపాయలు పలికిన విదేశీ టీకా ఉన్నచోట పదుల రూపాయల టీకా వచ్చింది. ఆర్థికాభివృద్ధిలో సాంకేతిక విధానం పాత్ర ఏమిటన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు దొరికాక, వివేకం గల ఏ ప్రభుత్వమైనా చేసే పనినే మన ప్రభుత్వాలూ చేశాయి. ఎనిమిది శాతానికే ఇంత జరిగితే మిగతాది కూడా ఇస్తే ఏమవుతుందోనని, జాగ్రత్తపడి, దాన్ని ఖజానాలోనే ఉంచాయి.

ఇక ప్రయోగశాల గుమ్మం దగ్గరికి వద్దాం, ఎందుకంటే విధానమనేది విజ్ఞాన భవన్‌లో పుట్టినా చివరికి చేరేది అక్కడికే. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలు కొనే పరికరాల మీద 2022 జూలై దాకా జీఎస్టీ ఐదు శాతం ఉండేది. ఆ రాయితీని ఎత్తేయడంతో చాలా పరికరాల మీద అది 18 శాతమైంది. ప్రభుత్వం వంద రూపాయల గ్రాంటు ఇస్తుంది, అందులోంచి తన పన్ను తాను తీసుకుంటుంది, ఆ పన్ను కూడా గ్రాంటు పద్దులోనే పడుతుంది గనుక పుస్తకాల్లో అదీ పరిశోధన వ్యయంగానే నమోదవుతుంది. రెండు శాతం చేరడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదని నా నిశ్చితాభిప్రాయం. పన్నును ఇంకాస్త పెంచితే ఒక్క కొత్త ప్రయోగం కూడా చేయనవసరం లేకుండా గమ్యం చేరవచ్చు. కొనుగోళ్ళ సంగతి సరేసరి. ప్రభుత్వ కొనుగోళ్ళ కోసం పెట్టిన జెమ్ పోర్టల్‌లో అందరికన్నా తక్కువ ధర చూపిన ఎల్-1 సరఫరాదారు దగ్గరే కొనాలన్న నియమం వల్ల, రేణువుల్ని కొలిచే పరికరం నాణ్యతను కూడా ఆఫీసు కుర్చీల నాణ్యతను తేల్చిన పద్ధతిలోనే తేల్చే సమానత్వం మన ప్రయోగశాలల్లో కొన్నేళ్ళు వర్ధిల్లింది. 2025లో ఆ నియమాన్ని సడలించారు. పాపం, కుర్చీలు ఏమనుకున్నాయో.

అన్నింటికన్నా ముచ్చటైనది 2024 జూలై 23 నాటి బడ్జెట్. ప్రైవేటు రంగ పరిశోధనకు లక్ష కోట్ల రూపాయల నిధి ఏర్పాటు చేస్తామని ఆ ప్రసంగం చెప్పింది. అదే బడ్జెట్ ప్రయోగశాల రసాయనాల దిగుమతి సుంకాన్ని పది శాతం నుంచి నూట యాభై శాతానికి పెంచింది. ప్రయోగశాల రసాయనమన్న ముసుగులో మద్యసారం దిగుమతి అవుతోందన్న అనుమానమే కారణమని వార్తలు వచ్చాయి. శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టగా, పది రోజులు తిరక్కుండానే, సరుకును పరిశోధనకే వాడతామని హామీ రాసిచ్చేవారికి పాత సుంకమే వర్తిస్తుందన్నారు. జన్యువుల మీద పనిచేసే ఆచార్యుడు తాను తెప్పించుకున్న సీసా తాగడానికి కాదని పూచీ ఇవ్వవలసి రావడం అవమానమని కొందరు వాపోయారు గానీ, పరిశోధన పట్ల ప్రభుత్వానికున్న నమ్మకాన్ని ఇంత స్పష్టంగా చాటిన అధికార పత్రం మరొకటి లేదు. 2023 ఆగస్టు 3న లాప్‌టాప్‌ల దిగుమతికి తక్షణం అమలయ్యేలా లైసెన్సు తప్పనిసరి చేసి, మర్నాడే దాన్ని మూడు నెలలు వాయిదా వేసినవారికి పది రోజులు నిలబడగలగడం నిజానికి అభివృద్ధే.

చివరగా ప్రైవేటు రంగం. మన పరిశోధన వ్యయంలో దాని వాటా మూడో వంతుకు కాస్త పైన, 36 శాతం. చైనా, కొరియా, జపాన్లలో అది నాలుగింట మూడు వంతులు. దీన్నిబట్టి మన కంపెనీల్లో తెలివి లేదనుకోకూడదు. గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా అద్దాల మేడల్లో విదేశీ కంపెనీల కోసం మన పిల్లలు చేస్తున్న పరిశోధనకు కొదవ లేదు. పేటెంటు మీద యజమాని చిరునామా ఒక్కటే వేరే ఖండంలో ఉంటుంది. దేశీయ కంపెనీల విషయానికొస్తే, తయారైన సాంకేతికతను కొనుక్కోవడం చౌక, తయారు చేసుకోవడం ప్రమాదం అన్న లెక్క వాటికి బాగా తెలుసు. ఆ లెక్కను మార్చాలంటే ఓపికగల కొనుగోలుదారు కావాలి, విఫలమైతే నిలదీయని గ్రాంటు కావాలి, విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న అధ్యాపకుల పోస్టులు నిండాలి. ఇవన్నీ శ్రమతో కూడిన పనులు. అందుకని ప్రభుత్వం సంస్థలు స్థాపించింది.

2023లో పార్లమెంటు చట్టం ద్వారా అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఏర్పడింది. ఐదేళ్ళలో అది ఖర్చు చేయవలసింది 50,000 కోట్ల రూపాయలు. అందులో ప్రభుత్వం ఇచ్చేది 14,000 కోట్లు, మిగిలిన 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు తదితరుల నుంచి రావాలి. ఇటు 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ఒకసారి, జూలైలో మరోసారి వినిపించి, 2025 జూలైలో కేబినెట్ ఆమోదం పొంది, నవంబరులో ప్రారంభోత్సవం జరుపుకున్న లక్ష కోట్ల నిధి ఉన్నది అవే పరిశ్రమలకు వడ్డీ లేకుండానో, నామమాత్రపు వడ్డీకో దీర్ఘకాలపు అప్పులు సమకూర్చడానికి. సొంతంగా పరిశోధన చేయడానికి డబ్బు చాలదు గనుక అప్పు ఇవ్వవలసిన కంపెనీలే, ఇతరుల పరిశోధన కోసం చందాలు కూడా ఇస్తాయన్నమాట. ఈ నిధికి సంరక్షకురాలు కూడా ఆ ఫౌండేషనే కాబట్టి, అప్పు ఇచ్చే కిటికీ, చందా పుచ్చుకునే కిటికీ ఒకే కప్పు కింద ఉండబోతున్నాయి. అప్పు మంజూరు పత్రం అందుకున్న పారిశ్రామికవేత్త బయటికి వెళ్ళే దారి చందా కిటికీ మీదుగానే ఉండేలా గోడలు కట్టించడం ఒక్కటే ఇక ప్రభుత్వ పనుల శాఖకు మిగిలింది.