మిరపకాయను కడిగి కారం పట్టించం కదా

కూరగాయల్ని ఉప్పునీళ్లలో నానబెడితే పురుగుమందు పోతుందని వ్యాసంలో రాశారు. పైనున్నది కొంత పోతుంది, కాదనను. కానీ మోనోక్రోటోఫాస్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క లోపలికి ఇంకే మందులు. కాయలోకి చేరింది ఎంత కడిగినా రాదు.

మా గుంటూరు వైపు మిర్చి సంగతే చూడండి. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసినప్పటి నుంచి రైతుకు భయం పట్టుకుంది. పూత రాలడం చూడగానే మందుల షాపుకి పరిగెడతాడు. షాపాయన ఇచ్చిన రెండు మూడు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తాడు. ఆఖరి పిచికారీ తర్వాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో మందుతో వచ్చే కాగితంలో ఉంటుంది, కానీ అక్షరాలు చీమ తలకాయంత! పైగా కల్లంలో ఎండాక కాయలో నీరు పోయి బరువు తగ్గుతుంది, మిగిలిన మందు పాలు కిలో లెక్కన పెరుగుతుంది. ఆ కాయనే కడక్కుండా కారం పట్టిస్తాం. రైతునొక్కడినే తిట్టి లాభం లేదు.

ఇలాంటి సరుకులో మిగిలే మందుకున్న పరిమితిని 2024 ఏప్రిల్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సడలించింది. మన దేశంలో రిజిస్టర్ కాని, విడిగా పరిమితి లేని మందులకు మసాలా దినుసుల్లో కిలోకి 0.01 మిల్లీగ్రాములుండేదాన్ని 0.1 చేసింది. పది రెట్లు! దీన్ని వెనక్కి తీసుకోవాలి. ఎగుమతి సరుకుకు చేయించే ల్యాబు పరీక్ష మన యార్డుల్లో అమ్మే కాయకూ చేయించాలి, ఫలితాలు అక్కడే బోర్డు మీద పెట్టాలి.