ఈసీహెచ్ఎస్ కార్డుకి బ్రోకర్ ఎందుకండీ?

మాజీ సైనికులకీ వాళ్ళ కుటుంబాలకీ వైద్యం అందించే పథకం ఈసీహెచ్ఎస్. దాని కార్డు చేయించిపెడతామని మాజీ సైనికుల దగ్గర వేలకు వేలు గుంజేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతోంది. అందులోనూ భర్త పోయిన పెద్దావిడల దగ్గర!

2003 ఏప్రిల్ 1న మొదలైన పథకమిది. చందా జీవితంలో ఒక్కసారే. హవల్దార్ వరకు 30,000 రూపాయలు, నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా 67,000, ఆఫీసర్లకి 1,20,000. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్ళు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న వీరనారులు ఆ చందా కూడా కట్టక్కర్లేదు. ఫారం నింపినందుకు వేలు అడిగేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

అసలు దరఖాస్తులు ఆగేది పేర్ల దగ్గర. మనవాళ్ళకి ఇంటిపేరుతోనే సగం తంటా. పార్ట్ టూ ఆర్డర్లో (కుటుంబ వివరాల్ని సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు) భార్య పేరు 'కె. లక్ష్మి' అని ఉంటుంది. ఆధార్‌లో 'కొల్లి వెంకట లక్ష్మి'. పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు. పుట్టినతేదీ ఒకచోట జనవరి 1, ఇంకోచోట జూలై 1. స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో (ఆ ప్రాంతపు సైనిక కార్యాలయం) పరిశీలించేవాళ్ళు పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), డిశ్చార్జ్ బుక్, ఆధార్ పక్కపక్కన పెట్టి చూస్తారు. అక్షరం తేడా వస్తే వెనక్కి. దీన్ని ఏ బ్రోకరూ సరిచేయలేడు. సర్వీసు రికార్డులో తప్పుంటే మార్చాల్సింది మీ రికార్డ్ ఆఫీసే: ఈఎంఈ (ఆర్మీలో యంత్రాలు, వాహనాల మరమ్మతు చూసే విభాగం) వాళ్ళకి సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్. ఆధార్‌లో తప్పుంటే ఆధార్ సెంటర్లో మార్పించుకోవడం చాలా తేలిక. కాబట్టి తప్పు ఎటువైపు ఉందో ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే దరఖాస్తు.

రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం ఎలా రాయాలి, ఏ అఫిడవిట్ జతచేయాలి అన్నది మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఉచితం. వాళ్ళున్నదే అందుకు. పీపీఓ, డిశ్చార్జ్ బుక్, అందరి ఆధార్‌లు, పాన్, ఫొటోలు, ఒరిజినల్స్‌తోపాటు రెండేసి జిరాక్స్‌లు పట్టుకెళ్ళండి. కోర్టు, అఫిడవిట్ వ్యవహారాలకి న్యాయ సహాయం కావాలంటే, 2025 జూలైలో నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక సంక్షేమ కార్యాలయాల్లో లీగల్ క్లినిక్‌లు పెడుతున్నారు. మీ జిల్లాలో తెరిచారేమో కనుక్కోండి. పెన్షన్ లేకుండా బయటికొచ్చిన హవల్దార్, ఆ లోపు ర్యాంకులవాళ్ళు వైద్యం కోసం ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టేదీ ఈ కార్యాలయంలోనే. ఈ సంగతి చాలామందికి తెలియనే తెలియదు, అదే బాధ.

తల్లిదండ్రుల్ని చేర్చాలంటే ఇద్దరి ఆదాయం కలిపి నెలకి 9,000, దాని మీద డీఏ దాటకూడదు. కొడుక్కి 25 ఏళ్ళు నిండినా, పెళ్ళయినా, సంపాదన మొదలైనా అర్హత పోతుంది. ఇంకొకటి. పెన్షన్‌తో నెలకి 1,000 రూపాయల మెడికల్ అలవెన్సు వస్తుంటే, ఈసీహెచ్ఎస్‌లో చేరగానే ఆపించుకోండి. రెండూ తీసుకుంటే తర్వాత పెన్షన్‌లో కోత పెట్టి మరీ వసూలు చేస్తారు.

కార్డు చేతికొచ్చాక జరిగే పొరపాటు, నేరుగా కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళిపోవడం. మామూలు జబ్బుకి సాధారణంగా ముందు పాలిక్లినిక్ (ఈసీహెచ్ఎస్ సొంత క్లినిక్), అక్కడ రిఫరల్, ఆ తర్వాతే ప్యానెల్ ఆసుపత్రి, అంటే ఈసీహెచ్ఎస్ ఒప్పందం ఉన్న ఆసుపత్రి. ప్రాణం మీదికొస్తే మాత్రం రిఫరల్ కోసం ఆగొద్దు. ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి కార్డు చూపించండి, పాలిక్లినిక్‌కి వాళ్ళే తెలియజేయాలి. ప్యానెల్‌లో లేనిచోట చేర్చాల్సి వస్తే 48 గంటల్లోపు దగ్గర్లోని పాలిక్లినిక్‌కి మీరే చెప్పాలి. అక్కడ బిల్లు ముందు మీరే కట్టాలి, తిరిగొచ్చేది ఈసీహెచ్ఎస్ రేట్ల ప్రకారమే. మిగతాది మీ జేబులోంచే. అందుకే మనిషి కాస్త కుదుటపడగానే ప్యానెల్ ఆసుపత్రికి మార్చేయండి. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీతోపాటు, అది ఎమర్జెన్సీయేనని డాక్టర్ సంతకంతో సర్టిఫికెట్ తీసుకోందే ఆసుపత్రి గడప దాటకండి.