క్యాంపుకొచ్చిన వాళ్లను లెక్కపెడితే జబ్బు లెక్క తేలదు

కనిగిరి పక్క పల్లెలో ఒక వైద్య శిబిరం పెట్టారనుకుందాం. 200 మందికి రక్తపరీక్ష చేస్తే 40 మందికి క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి వడగట్టి పంపే వ్యర్థం) ఎక్కువ వచ్చింది. మర్నాడు పేపర్లో 'ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు' అని పడుతుంది. భాగహారం సరిగ్గానే చేశారు, భాజకం తప్పింది. కాళ్ల వాపో, నీరసమో ఉన్నవాళ్లు శిబిరానికి ముందుగా వస్తారు; ఒంట్లో బాగున్న కూలి మనిషి పని మానుకుని ఎందుకొస్తాడు?

పైగా ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బని తేల్చకూడదు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడగడుతున్నాయన్న అంచనా) 60 కన్నా తక్కువగా ఉండటమో, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం లాంటి కిడ్నీ దెబ్బ గుర్తో కనీసం 3 నెలలు కొనసాగాలి. మే నెల ఎండలో మధ్యాహ్నం దాకా పొలంలో ఉండి, నీళ్లు చాలక వచ్చినవాడికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగొచ్చు. రెండోసారి పరీక్ష చేయని సర్వే జబ్బును ఉన్నదానికన్నా పెద్దదిగా చూపిస్తుంది.

సర్వే ఇళ్ల జాబితాతో మొదలవ్వాలి. జబ్బు సుమారు 10 శాతం మందికి ఉంటుందని అంచనా వేసుకుని, అటూ ఇటూ 3 శాతంలోపు తేడాతో తెలుసుకోవాలంటే 400 మంది చాలు. అది జనంలోంచి ఒక్కొక్కరినీ చీటీ తీసి ఎంచుకుంటేనే. 30 ఊళ్లు ఎంచి ఊరికి ఇంతమంది అని తీసుకుంటే, ఒకే బోరు నీళ్లు తాగేవాళ్లు చాలావరకు ఒకేలా ఉంటారు గనక సంఖ్యను సుమారు రెట్టింపు చేస్తారు. 800 మంది, ఊరికి 27 మంది. ఎంపికైన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి పోవడం మన దగ్గర మామూలే. సర్వే చెడేది అక్కడే. పగలు ఇంటిపట్టున ఉండేది ఎక్కువగా ముసలివాళ్లూ జబ్బుపడ్డవాళ్లూ. పొద్దుగూకాక మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి.

బెంగళూరు, హైదరాబాద్ పనులకు పడుచువాళ్లు వలసపోయిన ఊళ్లో పెద్దవయసువాళ్ల వాటా ఎక్కువ. వయసు తేడాను సరిచేయకుండా ఆ ఊరి శాతాన్ని కావలి పట్టణంతో పోల్చడం అర్థంలేని పని.

ఎక్కువ గందరగోళం మాత్రం పాత కేసులు, కొత్త కేసుల దగ్గరే వస్తుంది. దగ్గర్లో డయాలసిస్ కేంద్రం వస్తే రోగులు ఎక్కువకాలం బతుకుతారు. ఏటా పుట్టే కొత్త కేసులు పెరగకపోయినా ఊళ్లో ఉన్న రోగుల సంఖ్య పెరుగుతుంది. వైద్యం మెరుగైనందుకు వచ్చిన ఈ పెరుగుదలను జబ్బు ముదిరిందని రాస్తే తప్పు. కారణం వెతకాలంటే కొత్త కేసులు కావాలి. అంటే జబ్బు లేనివాళ్లను నమోదు చేసి, ఏళ్ల తరబడి వెంట ఉండి చూడాలి. ఖర్చుతో కూడిన పని. అందుకే ఎవరూ తొందరపడరు.

కిడ్నీ జబ్బు అలా ఉంచితే, నీళ్లలో ఫ్లోరైడ్ విషయంలోనూ కనిగిరి ప్రాంతానికి పాత చరిత్రే ఉంది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద 1937లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. పళ్ల ఫ్లోరోసిస్ కొలతకు డీన్ సూచిక ఇప్పటికీ వాడుకలో ఉంది. బాగా దెబ్బతిన్న రెండు పళ్లు చూస్తారు, రెండూ సమానంగా లేకపోతే తక్కువ దెబ్బతిన్నదానికే 0 నుంచి 4 దాకా మార్కు వేస్తారు. ఊరి సగటు 0.6 దాటితే ప్రజారోగ్య సమస్యగా చూస్తారు. పన్ను తుడవకుండా, చాలీచాలని వెలుతురులో చూస్తే గారను కూడా ఫ్లోరోసిస్‌గా రాసేస్తారు.

పెద్దవాళ్ల పళ్ల మచ్చలు వాళ్ల చిన్నప్పటి నీళ్ల సంగతి చెబుతాయి. కొత్త మంచినీటి పథకం ఫలితం చూడాలంటే అది వచ్చాక పుట్టిన పిల్లల పళ్లే చూడాలి. వాళ్లకు ముందరి శాశ్వత పళ్లు వచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. అప్పటిదాకా ఆగలేని అధికారులు ఊరివాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించవచ్చు.