బారేజీ అవతల రెండు రాత్రులు

(విజయవాడ, సత్యనారాయణపురం. ఆయన జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్, 47 ఏళ్ళకి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరారు. ఆవిడ బ్యాగు సర్దుతోంది, అంటే ఆయన పెట్టినవన్నీ బయటికి తీస్తోంది.)

ఆవిడ: ఓరియంటేషన్ అంటే ఓ గంట కూర్చోబెట్టి, ఫీజు ఎప్పుడు కట్టాలో చెప్పి, సమోసా చేతిలో పెట్టి పంపిస్తారు. దానికి రెండు రాత్రులేంటండీ?

ఆయన: ఇది రిట్రీట్. కరకట్ట మీద గెస్ట్‌హౌస్. గైడ్లూ, సీనియర్లూ, మేమూ ఒకచోట ఉంటే కలిసిపోతామని.

ఆవిడ: కరకట్టంటే బారేజీ అవతలేగా. ఆ బారేజీ 1957 నుంచీ ఉంది, రాత్రికి దాని మీంచి ఇంటికొచ్చి పడుకుంటే ఎవరు కాదంటారు?

ఆయన: రాత్రి క్యాంప్‌ఫైర్ ఉంటుందే.

ఆవిడ: బెజవాడలో మంటేసుకుని చలి కాచుకుంటారా! ఇక్కడ ఫ్యాను కిందే చొక్కా పిండితే చెంబుడు చెమట వస్తోంది.

ఆయన: పొద్దున రెండు గంటలు మౌనం కూడానట. ఫోన్లు కూడా తీసేసుకుంటారు.

ఆవిడ: మౌనానికి మీకు ఓరియంటేషన్ దేనికి? కరెంటు బిల్లు కట్టారా అని అడిగిన ప్రతిసారీ చేస్తున్నదేగా.

ఆయన: నీకన్నీ వెటకారమే. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం ఈ చదువుకి తక్కువలో తక్కువ 3 ఏళ్ళు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్ళు. కోర్స్‌వర్కే తక్కువలో తక్కువ 12 క్రెడిట్లు, అందులో 2 రీసెర్చ్ ఎథిక్స్‌కి. ఇవన్నీ ముందే వివరంగా చెప్తారు. ఆడవాళ్ళకైతే ఇంకో 2 ఏళ్ళు అదనంగా కూడా ఇవ్వొచ్చు, తెలుసా?

ఆవిడ: ఇవ్వరా మరి, మొగుడి బ్యాగు కూడా వాళ్ళే సర్దాలిగా. ఇంతకీ టాపిక్కేంటన్నారు?

ఆయన: గుంటూరు యార్డులో మిర్చి ధరల హెచ్చుతగ్గులు.

ఆవిడ: మొన్న రైతుబజార్లో పావుకిలో పచ్చిమిరపకాయలు ఎంతకి తెచ్చారో గుర్తుందా?

ఆయన: అది రిటైలే!

(అని తప్పించుకుని, మాట మార్చడానికి ఆయన ఓ పొరపాటు పని చేశారు.)

ఆయన: అది సరేగానీ, పరిచయాలప్పుడు ఓ ఆట ఉంది, కాస్త ప్రాక్టీసు చేయించు. నా గురించి మూడు మాటలు చెప్తాను. రెండు నిజాలు, ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో నువ్వు పట్టుకోవాలి.

ఆవిడ: కానివ్వండి.

ఆయన: ఒకటి, మా నాన్నగారిది తెనాలి. రెండు, నాకు ఈత వచ్చు. మూడు... ఏం చెప్పాలబ్బా... ఆఁ, మా చెల్లెలికి స్కూటీ కొనుక్కోమని 40 వేలిచ్చాను.

ఆవిడ: మామయ్యగారిది తెనాలే.

ఆయన: తెనాలే.

ఆవిడ: ఈత సంగతి కూడా నాకు తెలుసు. 2016 పుష్కరాల్లో మోకాలి లోతు నీళ్ళలో నా చెయ్యి వదల్లేదు మీరు. అంటే...

ఆయన: మూడోదే అబద్ధం అనుకోవే!

ఆవిడ: అనుకోవడమేంటి? ఆటలో అబద్ధం ఒకటేగా, అలాగైతే మీకు ఈత వచ్చినట్టు. ఎల్లుండి మిమ్మల్ని పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడవలో తీసుకెళ్తారన్నారుగా, మీరు వెనకాలే ఈదుకుంటూ వెళ్ళండి.

ఆయన: అది... సర్‌ప్రైజ్‌గా చెబుదామనీ...

ఆవిడ: ఆ ఎథిక్స్ 2 క్రెడిట్లు మీకే మూలకీ సరిపోవు, 12కి 12 అవే ఇమ్మని అడగండి. ఇప్పుడు నా వంతు. ఒకటి, నాకసలు కోపం రాలేదు. రెండు, మీ చెల్లెలికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. మూడు, బ్యాగులో తువ్వాలు పెట్టాను.

ఆయన: కోపం రాలేదన్నది అబద్ధం.

ఆవిడ: రెండు అబద్ధాలు ఉండకూడదని రూలు నాకెవరూ చెప్పలేదే. (ఫోన్ తీసుకుంది.)

ఆయన: ఏయ్, ముందు తువ్వాలు పెట్టావో లేదో చెప్పి చెయ్యవే!