మూడు కాపీలున్నా డేటా పోతుంది

"మూడు కాపీలున్నాయి కదా, డేటాకేం భయం?" అనే మాట, పెద్ద డేటాను చాలా సర్వర్లలో మామూలుగా మూడేసి కాపీలుగా దాచే హడూప్ అనే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవారి మధ్య తరచూ వినిపిస్తుంది. డిస్కు పాడైనా, సర్వరు పడిపోయినా ఆ మూడు కాపీలు ఆదుకుంటాయి గానీ, ఉన్న ఫైలు మీదే అదే పేరుతో మరొకటి రాస్తే అవి ఎందుకూ అక్కరకు రావు. ఫైళ్ల జాబితాను చూసుకునే సర్వరైన నేమ్‌నోడ్ పాత ఫైలును ఆ జాబితాలోంచి తీసేసి, దాని బ్లాకులను (ఫైలు ముక్కలను) చెరిపేయమని, వాటిని దాచిన సర్వర్లైన డేటానోడ్‌లకు చెబుతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది డిఫాల్ట్‌ల, అంటే మనం ఏమీ చెప్పకపోతే వర్తించే అమరికల సంగతి. కమాండ్ లైన్‌లో ఫైలును చేర్చే పుట్ కమాండ్ ఇస్తే, ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే హడూప్ ఫైళ్ల వ్యవస్థ అయిన హెచ్‌డీఎఫ్ఎస్ ఒప్పుకోదు. మైనస్ ఎఫ్ అని మనం ప్రత్యేకంగా చెబితేనే పాతదాన్ని తుడిచి రాస్తుంది. అదే పని జావా ప్రోగ్రాములో ఫైలును సృష్టించే క్రియేట్ మెథడ్‌కు పాత్ (ఫైలు ఉండే చోటు) ఒక్కటే ఇచ్చి చేస్తే, ఏ హెచ్చరికా లేకుండా పాత ఫైలు పోతుంది. మనిషి కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు ఉన్న కాపలా, అర్ధరాత్రి ఎవరూ చూడని వేళ దానంతటదే నడిచే ప్రోగ్రాముకు, అంటే జాబ్‌కు, లేకపోవడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. డిలీట్ చేసినవి కొంతకాలం ఉండే ట్రాష్‌లో దొరుకుతుందిలే అనుకోవడానికీ వీల్లేదు. అపాచీ సంస్థ విడుదల చేసే హడూప్‌లో దాని గడువు డిఫాల్ట్‌గా 0, అంటే ట్రాష్ పనిచేయదు. పనిచేయించినా షెల్‌లో (కమాండ్ లైన్‌లో) డిలీట్ చేసిన ఫైళ్లు అందులోకి వెళ్తాయే తప్ప ఓవర్‌రైట్ అయినవి, అంటే మీద మరొకటి రాయగా పోయినవి, వెళ్లవు.

ఇలాంటి డేటా మీద లెక్కలు చేసే స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో నష్టం ఇంకా పెద్దది. తేదీలవారీగా పార్టిషన్లు (విభాగాలు) ఉన్న డైరెక్టరీలో ఒక్క రోజు లెక్క తప్పిందని, ఆ రోజు డేటాను మాత్రమే సరిచేసి ఓవర్‌రైట్ మోడ్‌లో రాస్తే, మిగతా తేదీలన్నీ కూడా తుడిచిపెట్టుకుపోతాయి. 2018లో వచ్చిన స్పార్క్ 2.3లో, రాసే పార్టిషన్లనే మార్చే డైనమిక్ పద్ధతిని చేర్చారు గానీ డిఫాల్ట్‌ను అంతా తుడిచే స్టాటిక్ పద్ధతిగానే ఉంచారు. పాత జాబ్‌లు దెబ్బతినకూడదన్న వాదనను అర్థం చేసుకోగలను, అయితే ఆ సౌకర్యం కోసం పోగొట్టుకునేది తిరిగి తెచ్చుకోలేని డేటా.

ఇంత ప్రమాదం ఉండగా, హెచ్‌డీఎఫ్ఎస్‌లోనే ఉన్న స్నాప్‌షాట్‌ను వాడకపోవడం నాకు మింగుడుపడదు. అది డేటాను కాపీ చేయదు. ఆ క్షణాన ఉన్న ఫైళ్ల బ్లాకులను చెరగనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అందుకే ఓవర్‌రైట్ జరిగినా పాత ఫైలు డాట్ స్నాప్‌షాట్ డైరెక్టరీలో దొరుకుతుంది. ముఖ్యమైన డైరెక్టరీలకు అడ్మిన్ దీనికి అనుమతి ఇచ్చి, రోజూ తీసే ఏర్పాటు చేయాలి. స్నాప్‌షాట్ తీశాక వచ్చిన ఫైళ్లకు మాత్రం ఆ రక్షణ ఉండదు కాబట్టి, ఓవర్‌రైట్‌కు ఫాల్స్ (వద్దు) అని స్పష్టంగా రాయని క్రియేట్ కాల్ ఏదైనా కనిపిస్తే, కారణం చెప్పేదాకా దాన్ని కోడ్ రివ్యూలోనే ఆపేయాలి.