తుప్పు కూడా ఒరిజినలే

పాత కారు బాడీని ఇంటి దగ్గరే బాగుచేసుకునే పెద్దమనుషుల మీద ఒక నింద ఉంది. వాళ్లు తుప్పు తీయరట, దాని మీదే లప్పం పూసేస్తారట. నింద నిజమే. అందులో తప్పేమీ లేదని మాత్రం చట్టప్రకారమే నిరూపిస్తాను.

2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన కారును, కిరాయికి తిప్పనిదైతే, వింటేజ్ బండిగా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు. నంబరులో రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అని వస్తుంది. అసలు మెలిక ఏమిటంటే, బండి మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చేసి ఉండకూడదు.

ఇప్పుడు చెప్పండి. అంబాసిడర్ మార్క్ 2 తలుపుల కింద తుప్పు తిన్న రేకును కోసి అవతల పారేసి, కొత్త రేకు వెల్డింగ్ పెట్టించినవాడు ఒరిజినల్‌ను కాపాడినట్టా? 1970 నాటి ఇనుమును, దానికి పట్టిన తుప్పుతో సహా, రవ్వంత కూడా బయటికి పోనీకుండా లప్పం కింద భద్రపరిచినవాడు కాపాడినట్టా? బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అక్కడినుంచి ఇక కొత్త రేకు రాదు. ఉన్న తుప్పే మన ఆస్తి.

టింకరింగ్ మేస్త్రీలు ఈ వాదన ఒప్పుకోరు. వాళ్లదంతా చాదస్తం. రేకు తెల్లగా కనబడేదాకా గీకాలంటారు. సొట్టకు వెనకనుంచి ఇనప దిమ్మ ఆనించి, ముందునుంచి చిన్న సుత్తితో ఒక్కో దెబ్బా వేసుకుంటూ రావాలంటారు. వెల్డింగ్ ఒకేచోట సాగదీస్తే వేడికి రేకు మెలిదిరుగుతుందని ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి చల్లారనిమ్మంటారు. ఇంత చేశాక, కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూస్తే ఎక్కడైనా ఎత్తుపల్లం తగిలితే, అప్పుడు లప్పం. అదీ మూడు మిల్లీమీటర్ల మందం దాటకుండా, పెళ్లిలో అక్షింతలు చల్లినట్టు! డబ్బాలకు డబ్బాలు షాపులో దొరుకుతుంటే ఈ పిసినారితనం దేనికో.

మన గృహస్థు అలాంటివాడు కాదు. ఆదివారం టిఫిన్ అయ్యాక పోర్టికోలో పీట వేసుకుంటాడు. పాత శుభలేఖ అట్ట మీద లప్పం ముద్ద, పక్కన దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ట్యూబు. ముద్ద వందపాళ్లయితే హార్డెనర్ రెండు పాళ్లు చాలు. ఆయన చేతికి వచ్చినంత పిండుతాడు. కలిపి మడ్‌గార్డ్ వైపు తిరిగేలోపు ముద్ద అట్ట మీదే రాయవుతుంది. ఇంకో శుభలేఖ తీస్తాడు. చిల్లు మరీ పెద్దదైతే ముందు న్యూస్‌పేపరు ఉండచుట్టి కుక్కుతాడు. ఇంకో యాభై ఏళ్లకు ఆ పేపరూ వింటేజే కదా.

ఇక 80 నంబరు సాండ్‌పేపరుతో రుద్దుడు మొదలవుతుంది. ఆ పొడి మేడ మీద ఎండబెట్టిన వడియాల దాకా వెళుతుంది. “ఇంతకీ ఇది నడుస్తుందా అండీ?” అని ఇంటావిడ అడుగుతుంది. “అది మెకానిక్ సంగతి. నేను చూసేది బాడీ” అంటాడాయన. శాఖల విభజన అంటే ఇదీ. మన సెక్రటేరియట్లలో కూడా ఇంత స్పష్టత ఉండదు.

గిట్టనివాళ్లు అయస్కాంతం పరీక్ష అని ఒకటి పెడతారు. ఫ్రిజ్ మీదున్న ఏడుకొండలవాడి బొమ్మ తెచ్చి కారుకు ఆనిస్తారు. టాపు మీద స్వామి చక్కగా నిలబడతాడు. డోరు పైభాగంలోనూ ఢోకా లేదు. కింది అంచుకు వచ్చేసరికి మెల్లగా జారతాడు. మడ్‌గార్డ్ మీద పెట్టీపెట్టగానే కిందపడతాడు. అక్కడ ఇనుమే లేదని తేల్చేస్తారు వీళ్లు. సాక్షాత్తూ స్వామినే పరీక్షకు పెట్టేవాళ్ల తీర్పును మనం లెక్కచేయాలా?

వానాకాలంలో మాత్రం చిన్న చిక్కుంది. లప్పం చెమ్మ పీలుస్తుంది. కింద ఇనుము తుప్పుగా మారుతున్నకొద్దీ ఉబ్బి, పైనున్న రంగును నెట్టుకొస్తుంది. శ్రావణమాసానికల్లా మడ్‌గార్డ్ నిండా పొక్కులు. విశాఖ లాంటి ఊళ్లో ఉప్పుగాలి కూడా తోడైతే అంతదాకా ఆగక్కర్లేదు. దీన్ని లోపమనడం అన్యాయం. లోపల ఒరిజినల్ ఇంకా పనిచేస్తూనే ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అన్నట్టు, వింటేజ్ నంబరు వచ్చాక బండిని రోజూ రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయాలి. ఆ జాబితాలో మావాళ్లకు మరమ్మతు ఒక్కటి ఉంచితే చాలు. మిగతావన్నీ రేపే రద్దు చేసినా ప్రభుత్వానికి ఒక్క అర్జీ కూడా రాదని నాదీ హామీ.