నిద్ర చాలని పిల్లలకు లెక్కల పాఠమా?

మా అమ్మాయి పదో తరగతి. బడిలో ప్రత్యేక తరగతులు ఉదయం 7 గంటలకే మొదలు. విశాఖలో ఈ చివర గోపాలపట్నం నుంచి బడి ఉన్న మద్దిలపాలెం చేరాలంటే 6 గంటలకల్లా బస్సెక్కాలి, అంటే 5 గంటలకు లేవాలి. రాత్రి హోంవర్కు ముగిసేసరికి 11. ఈ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు మొత్తుకుంటున్నారు. ఉన్నత పాఠశాలలు 8:30కి ముందు మొదలుపెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. వేసవిలో ఒంటిపూట బడి అంటే అర్థం ఉంది, విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నం తరగతిలో కూర్చోలేరు. డిసెంబరులో ఇంత పొద్దున్నే ఎందుకు? నిన్న టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా తిరిగి తెచ్చింది. "బోర్డు మీద అంకెలు రెండుగా కనిపిస్తున్నాయమ్మా" అంది. అప్పటి నుంచి నా కడుపు రగిలిపోతోంది.